ఇసుక కింద గోదావరి

మే నెలలో జాతీయ రహదారి మీద జొన్నాడ దాటి రావులపాలెం వెళ్లే బస్సు గౌతమి వంతెన ఎక్కగానే కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల నోట ఒకటే మాట వస్తుంది: గోదారి ఎండిపోయింది. ఇంకాస్త ముందుకెళ్లి సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటేటప్పుడూ అదే మాట. గట్టు నుంచి గట్టు దాకా కళ్లు మిరుమిట్లు గొలిపే ఇసుక, ఎక్కడో ఒక వారగా సన్నటి నీటిచాలు, దాని పక్కనే లారీలు దిగిన ర్యాంపు. ఎడారి నది లోయ చూడాలంటే రాజస్థాన్ దాకా వెళ్లనక్కర్లేదనిపించే దృశ్యం. చూసినవాళ్లు ఆ ఇసుకను నది లేని చోటుగా లెక్కవేస్తారు. నీరుంటే నది, లేకపోతే ఖాళీ స్థలం. ఖాళీ స్థలమైతే తవ్వుకోవచ్చు, చెత్త పోయవచ్చు, దున్నుకోవచ్చు. నిజానికి ఆ ఇసుక కూడా నదే. నదిలో వేసవిలో పనిచేసే భాగం అది. ఈ సంగతి నిజమైన ఎడారి నదుల ఒడ్డున బతికేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. నీటికి కొదవలేని డెల్టాలో ఉన్న మనకే దాన్ని రుజువు చేసి చెప్పాల్సి వస్తోంది.

ముందుగా, గోదావరి ఎందుకు ఎండుతుందో చూడాలి. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటును శాస్త్రజ్ఞులు సాధారణంగా ఎడారి అంటారు. గోదావరి డెల్టాలో అంతకు నాలుగు రెట్లకు పైగా పడుతుంది. పైన పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు మించి ఉంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి వచ్చే ఈ నదికి కొరత నీటిది కాదు, నీరు వచ్చే కాలానిది. ఏడాది పొడవునా రావాల్సిన నీటిలో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే వచ్చేస్తుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ వేగంతో ఒక్క రోజు పారితే 300 టీఎంసీలు సముద్రంలో కలుస్తాయి. అదే నదిలో ఏప్రిల్ నాటికి సహజ ప్రవాహం కొన్ని వేల క్యూసెక్కులకు పడిపోతుంది. అప్పుడు రబీ వరి పంట దాళ్వాను గట్టెక్కించేది సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి శబరి మీదుగా వచ్చే నీరు. వచ్చిన ఆ కాస్త నీటినీ ధవళేశ్వరం బ్యారేజి ఆపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్లిస్తుంది. గేట్లు మూసి ఉన్నంతకాలం బ్యారేజి దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలకు మిగిలేది కారిన నీరు, ఊరిన నీరు, సముద్రం నుంచి ఎగదన్నే పోటు నీరు. అందుకే రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర మే నెలలోనూ నీళ్లు కనిపిస్తాయి. అక్కడికి కొద్ది కిలోమీటర్ల కింద మాత్రం ఇసుక తేలుతుంది. ఈ ఎండటంలో ఎండల పాత్ర తక్కువ, మన నీటి పంపకం పాత్ర ఎక్కువ.

ఇంత మాట అనగానే ఇక్కడ ఆనకట్ట కట్టిన కాటన్ దొరను తప్పుపడుతున్నారా అని డెల్టాలో ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. 1830ల మొదట్లో కోస్తాను కరువు ఊడ్చేసినప్పుడు గోదావరికి అడ్డుకట్ట లేదు. పాయలన్నీ స్వేచ్ఛగా పారేవి. పక్కన నది పారుతుండగానే జనం తిండి లేక చచ్చిపోయారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వచ్చాకే ఈ నేల అన్నపూర్ణ అయింది. దాని స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజి ఇప్పటికీ సుమారు 10 లక్షల ఎకరాలను తడుపుతోంది. వేసవిలో పాయలు నిండుగా కనిపించాలని కాలువలు కట్టేయమని బుద్ధున్నవాళ్లెవరూ కోరరు. అయితే ఆ చరిత్రే ఇంకో విషయం కూడా చెబుతోంది. పైకి కనిపించే నీటిని బట్టి నది క్షేమాన్ని కొలవడం 1833లోనూ తప్పే, ఇప్పుడూ తప్పే. అప్పుడు నిండు నది పక్కన కరువు ఉంది. ఇప్పుడు ఎండిన పాయ పక్కన పచ్చటి చేలు ఉన్నాయి. కాబట్టి కనిపించే నీటిని కాసేపు పక్కనపెట్టి, కింద ఉన్న ఇసుక వైపు చూద్దాం.

నమీబియాలో కుయిసెబ్ అనే నది ఉంది. విండ్‌హుక్ దగ్గరి కొండల్లో పుట్టి నమీబ్ ఎడారిని చీల్చుకుంటూ అట్లాంటిక్ వైపు సాగుతుంది. దాని దిగువ భాగంలో ఏడాదికి పడే వాన కొద్ది మిల్లీమీటర్లే. ఎగువ కొండల్లో వాన కురిస్తే ఏడాదిలో కొన్ని రోజులో, కొన్ని వారాలో నీరు పారుతుంది. కొన్నేళ్లు అసలు రానే రాదు. వచ్చినా సముద్రం దాకా చేరడం అరుదు, దారిలోనే ఇసుక తాగేస్తుంది. అయినా ఆ ఎండిన చాలు పొడవునా పెద్ద పెద్ద తుమ్మజాతి చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. వాటి నీడన టోప్‌నార్ ప్రజలు మేకలు కాచుకుంటూ తరతరాలుగా బతుకుతున్నారు. రేవు పట్టణమైన వాల్విస్ బే ఆ నది ఇసుకలోంచి తోడిన నీటితోనే పెరిగింది. ఇంకో విశేషం, నదికి దక్షిణాన నమీబ్ ఇసుక కొండలు వంద మీటర్లు దాటి లేస్తాయి, ఉత్తరాన గులకరాళ్ల మైదానం చదునుగా పరుచుకుని ఉంటుంది. గాలికి ఉత్తరంగా నడిచే ఆ ఇసుక కొండలను అడ్డుకుంటున్నది ఈ నదే. ఎప్పుడో వచ్చే వరద, చాలులోకి జారిన ఇసుకను కడిగి పట్టుకుపోతుంది. చెట్ల వరస మిగతాది నిలువరిస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీరే కనిపించని నది ఒక ఎడారికి ఎల్లలు గీస్తోంది.

అంత దూరం వద్దనుకుంటే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాలకు వెళ్లి హగరి ఒడ్డున నిలబడవచ్చు. వేదవతి అని కూడా పిలిచే ఈ నది కర్ణాటకలో పుట్టి తుంగభద్రలో కలుస్తుంది. పడమటి కనుమల వర్షచ్ఛాయలో పడిన నేల ఇది, దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడ దర్గా హొన్నూరు వైపు నిజంగానే ఇసుక దిబ్బలు ఉన్నాయి. నైరుతి గాలులు వీచే నెలల్లో నది ఇసుక లేచి తూర్పు గట్టు మీది పొలాల్లో మేట వేస్తుంది. కుయిసెబ్ ఇసుక కొండలను ఆపితే హగరి తానే ఇసుక దిబ్బలను పుట్టిస్తోంది. తేడా ఇసుకలో తడి ఉండటం, లేకపోవడంలో ఉంది. తడి ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య సన్నటి నీటిపొర తలతన్యతతో వాటిని పట్టి ఉంచుతుంది. మామూలు గాలి దాన్ని కదపలేదు. ఆ పొర ఆరిపోతే రేణువులు విడివిడిగా గాలికి ఎగురుతాయి. వరద వచ్చి తడిపే ఇసుక నదిలో ఉంటుంది. ఏళ్ల తరబడి తడవని ఇసుక పొలం మీదికి వస్తుంది. ఎడారికీ ఎండిన నదికీ మధ్య గీత పడేది ఇక్కడే. రావులపాలెం దగ్గరి ఇసుక ఏటా వరదకు తడుస్తుంది, కిందంతా నీటితో నిండి ఉంటుంది. అందుకే దాన్ని ఎడారి అనలేం.

ఇసుకలో నీరు ఎంత పడుతుందన్నది ఊహలతో చెప్పాల్సిన సంగతి కాదు. నది ఇసుక ఎంత బిగువుగా పేరుకున్నా రేణువుల మధ్య ఖాళీ మొత్తం ఘనపరిమాణంలో మూడో వంతు దాకా ఉంటుంది. ఆ ఖాళీలో ఉన్న నీరంతా తోడుకోవడానికి రాదు, కొంత రేణువులకు అంటుకుని ఉండిపోతుంది. ముతక ఇసుకలో ఘనపరిమాణంలో ఐదో వంతు తోడుకోవచ్చు. ఇక ఆవిరి సంగతి. బంకమట్టిలో నీరు సన్నటి రంధ్రాల వెంట మీటర్ల ఎత్తుకు పాకి పైకొచ్చి ఆవిరైపోతుంది, అందుకే చెరువు అడుగు నెర్రెలు విచ్చుతుంది. ముతక ఇసుకలో ఆ పాకుడు అడుగుకు మించదు. పై పొర ఆరగానే అదే కింది నీటికి కుండ మీది మూత అవుతుంది. నమీబియాలోనే స్వాకోప్ అనే మరో నది ఇసుక మీద 1970ల మొదట్లో కొలతలు తీశారు. నీటిమట్టం ఇసుకలో రెండడుగులు దిగేసరికి, తెరిచి ఉన్న నీటితో పోలిస్తే ఆవిరి పదో వంతుకు పడిపోయింది. అంటే ఎండ మండిపోయే నెలల్లో చెరువు కన్నా ఇసుక నీటిని మెరుగ్గా కాపాడుతుంది. ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని తేట నీళ్లు ముంచుకున్న మన పల్లెలకు ఈ ఫలితం కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాగావళి, చంపావతి ఇసుకల్లో దించిన ఊటబావులది కూడా ఇదే సూత్రం. ఇసుక నీటిని దాచడమే కాకుండా వడగడుతుంది కూడా. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ థేమ్స్ నీటిని శుద్ధి చేయడానికి కట్టిన వడపోత తొట్లలో నింపింది ఇసుకే.

ఇక్కడ ఒక పొరపాటు నమ్మకాన్ని సరిదిద్దాలి. నది పైన ఎండినా కింద అంతర్వాహినిగా పారుతూనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. డెల్టాలో అలా జరగదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలు ఐదారు వేల మీటర్లకు ఒక మీటరు మాత్రమే. అంత తక్కువ వాలులో ముతక ఇసుక గుండా నీరు రోజుకు కొన్ని సెంటీమీటర్లు కదిలితే గొప్ప. కింద ఉన్నది పారే నది కాదు, నిలవ నీరు. ఈ తేడా ముఖ్యం. పారే నీరైతే తోడినకొద్దీ పైనుంచి వస్తుంది. నిలవ నీరు తోడితే మళ్లీ వరద వచ్చేదాకా తరుగుదలే. దాన్ని పట్టి ఉంచిన ఇసుకనే ఎత్తుకుపోతే వరద వచ్చినా నింపుకోవడానికి చోటు ఉండదు.

లెక్కలు తెలిసిన పాఠకుడు ఇక్కడ ఆపి, 300 టీఎంసీలు ఒక్క రోజులో పారే నదికి ఇసుకలో దాగిన నీరు ఏపాటి అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. ఒక చదరపు కిలోమీటరు నదీగర్భంలో ఐదు మీటర్ల మందం ఇసుక నీటితో నిండి ఉందనుకుందాం. 50 లక్షల ఘనపు మీటర్ల ఇసుకలో తోడుకోగలిగే ఐదో వంతు 10 లక్షల ఘనపు మీటర్లు, అంటే 100 కోట్ల లీటర్లు. బ్యారేజి వెనక నిలిచే సుమారు 3 టీఎంసీల ముందు ఇది సుమారు 85 వంతుల్లో ఒక వంతు. దీనితో దాళ్వా పండదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ వేసవిలో కాలువలు కట్టేసే 60 రోజులకు మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున లెక్కేస్తే, ఆ ఒక్క చదరపు కిలోమీటరు ఇసుక లక్షా అరవై వేల మందికి పైగా సరిపోతుంది. కోనసీమ శివారు గ్రామాలు వేసవిలో వెతుక్కునేది పంట నీటిని కాదు, తాగునీటిని. కాలువలు మూసేముందు చెరువులు నింపుకుని, అవి పచ్చబడి వాసన వచ్చేదాకా వాడుకునే ఊళ్లకు పక్క పాయలోని ఇసుక చిన్న విషయం కాదు. కెన్యాలోని కిటుయి ప్రాంతంలో వాగులకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు కట్టి, వాటి వెనక కావాలనే ఇసుక మేట వేయనిస్తారు. వందలాది కట్టలు అలా లేచాయి. వాళ్లకు ఇసుక లేదు, కట్టుకోవాల్సి వచ్చింది. గోదావరి మనకు ఊరికే తెచ్చి పోసింది.

డెల్టాకు ఇసుక చేసే మేళ్లలో తాగునీటిని మించింది ఒకటుంది. అది ఉప్పును ఆపడం. సముద్రం పక్కన నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి బరువు తక్కువ. సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు ఉంటుందని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు యూరప్ ఇంజినీర్లు వంద ఏళ్ల కిందటే లెక్కగట్టారు. పైన ఒక అడుగు తగ్గితే కింద 40 అడుగులు ఉప్పవుతుంది. అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు బావుల్లో నీటి రుచి ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది. పాయ అడుగు ఇసుకతో ఎత్తుగా ఉన్నప్పుడు పోటు కొంత దూరం ఎగదన్ని ఆగిపోతుంది, ఆ ఇసుకలో నిలిచిన మంచినీరు ఇరుపక్కల నేలకు ఆసరా అవుతుంది. అడుగును లోతుగా తవ్వితే పోటుకు దారి సాఫీ అవుతుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో సరిగ్గా ఇదే జరిగింది. ఇసుక తవ్వకాలతో, ఎగువ ఆనకట్టలతో నదీగర్భం కుంగిపోయి ఉప్పునీరు మునుపటి కన్నా ఎక్కువ దూరం లోపలికి వస్తోంది.

ఇసుక చేసే మూడో పని నేల కట్టడం. సముద్ర మట్టం ఇప్పుడున్న స్థాయికి వచ్చి కుదురుకున్న ఈ ఆరేడు వేల ఏళ్లలో గోదావరి మోసుకొచ్చి పోసిందే ఈ డెల్టా. దక్కన్ బసాల్టు అరిగి నల్లటి బంకమట్టి వచ్చింది, గ్రానైటు, నైస్, తూర్పు కనుమల ఖొండలైటు అరిగి ఇసుక వచ్చింది. పాపికొండల ఇరుకు దాటి పోలవరం దిగువన నది వెడల్పవగానే వేగం తగ్గి బరువైన ఇసుక ముందు జారిపోతుంది. లంకలు పుట్టేది అలాగే. ఇప్పుడు ఆ సరుకు రావడమే తగ్గిపోయింది. జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ మొదలుకుని ఎగువన కట్టిన జలాశయాలు దాన్ని ఆపేస్తున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన లెక్కల ప్రకారం, 1971–79 మధ్య ధవళేశ్వరం దగ్గర ఏటా సగటున 15 కోట్ల టన్నులున్న తేలుడు మట్టి 1990–98 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976–2001 మధ్య డెల్టా తీరం నికరంగా 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేల పోగొట్టుకుంది. ఇది నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు లెక్క, అడుగున దొర్లుతూ వచ్చే ఇసుక లెక్క కాదు కదా అని ఎవరైనా పట్టుకోవచ్చు. నిజమే. అయితే జలాశయంలో ముందుగా చిక్కుకునేది బరువైన ఇసుకే. తేలే ఒండ్రే మూడింట ఒక వంతుకు దగ్గరగా పడిపోయినప్పుడు దొర్లే ఇసుక నిక్షేపంగా వస్తోందని అనుకోవడానికి ఆధారం లేదు. తీరం కోతకు గ్యాసు తీయడం వల్ల నేల కుంగడం, సముద్రం పెరగడం కూడా కారణాలంటారు. అవి కూడా కారణాలే అయితే ఇసుక మరింత అవసరమవుతుంది గానీ తక్కువ కాదు. రేపు పోలవరంలో 194 టీఎంసీల జలాశయం నిండితే డెల్టాకు ఎగువన అది ఆఖరి వల అవుతుంది.

ఇక ఇసుక తవ్వకాలను సమర్థించేవాళ్ల వాదనల్లో రెండు బలమైనవి. ఇళ్లు కట్టాలంటే ఇసుక కావాలి, 2024 నుంచి రాష్ట్రంలో అది ఉచితం కూడా. రెండోది, ఇసుక మేటలు పెరిగితే నది లోతు తగ్గి వరద ఏటిగట్లు దాటుతుంది, కాబట్టి తవ్వడం నదికి మేలే. రెండోదాంట్లో సగం నిజం ఉంది. బ్యారేజి వెనక మేట వేసిన ఇసుక కట్టడం ఆపిన ఇసుక, అది కిందికి పోవాల్సిందే. రాజమండ్రి, కొవ్వూరు వైపు పడవల సంఘాలు నీట మునిగి తీసే ఇసుక చాలావరకు అలాంటిదే. దాన్ని తీస్తే నిల్వ సామర్థ్యం పెరుగుతుంది, పడవల మీద బతికే కుటుంబాలకు పని దొరుకుతుంది. ఇళ్లకు కావలసింది అక్కడి నుంచి, మిగిలింది రాతిని నలిపి చేసే ఇసుక నుంచి రావాలి. బ్యారేజి దిగువ పాయల సంగతి వేరు. వాటికి పైనుంచి రాక తగ్గిపోయింది, కింద సముద్రం కోస్తోంది. అక్కడ ఇసుక తీయడం రాబడి తగ్గిన ఇంట్లో అసలు ఖర్చు పెట్టడమే. వరద భయం కూడా అక్కడ తారుమారవుతుంది. గట్ల పాదాల దగ్గర, వంతెన స్తంభాల దగ్గర గోతులు పడితే గట్టు లోపలి నుంచి జారుతుంది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో గట్ల వెలుపలి ఊళ్లను కాపాడింది గట్లే. ఒకే నది ఇసుక కదా అని ఎగువకూ దిగువకూ ఒకే అనుమతి ఇవ్వడం తప్పు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఇసుక రీచ్‌కు అనుమతి ఇచ్చేముందు వరదకు ముందూ తర్వాతా నదీగర్భం కొలిచి, ఎంత ఇసుక తిరిగి వచ్చి చేరిందో లెక్క తేల్చాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలే చెబుతున్నాయి. వచ్చినదాని కన్నా ఎక్కువ తీయకూడదన్నది వాటి సారం. గోదావరి నీటిమట్టం వరద రోజుల్లో గంట గంటకూ భద్రాచలం నుంచి ధవళేశ్వరం దాకా చెబుతారు. ఇసుక మట్టం ఏడాదికోసారి కూడా ఎవరికీ చెప్పరు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ ఒడ్డున ఉన్న పంచాయతీలు ఏటా మే నెలలో తమ పాయలో ఇసుక ఎంత మందాన ఉందో కొలిపించి నోటీసు బోర్డు మీద రాయించుకోవాలి. మీ ఊరి ర్యాంపుకు మళ్లీ అనుమతి కోసం కాగితం వచ్చినప్పుడు, పోయిన వరదకు ఇక్కడికి ఎంత ఇసుక వచ్చిందో ఆ లెక్క చూపించమని అడగండి.